పెట్రోలు మూతకి తాళం

కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందని నేనెప్పుడూ అనలేదు. తావియా మింగేస్తున్నాడనే అన్నాను.

తావియా నా టాక్సీ డ్రైవరు. మా ఆయన పోయాక కారుని అతని చేతిలో పెట్టాను. మొదట్లో ఏ పేచీ లేదు. ఈ మధ్య ట్యాంకు నింపి పంపితే కుమాసీ ఊరు దాటకుండానే సూది అడుగంటుతోంది. దగ్గరికొస్తే చొక్కా నిండా పెట్రోలు వాసన. ఇంకేం సాక్ష్యం కావాలి? పెట్రోలు మూతకి తాళం వేయించి, తాళంచెవిని నడుముకి చుట్టుకున్న గుడ్డ కొసన ముడేసుకున్నాను. అయినా పెట్రోలు అలాగే పోతోంది. మారు తాళంచెవి చేయించుకున్నాడని తేల్చుకున్నాను.

"ఇవాళ షెడ్డులో చూపిద్దాం. కారులో ఏ లోపమూ లేదని తేలితే తాళాలు నా చేతిలో పెట్టి నీ దారిన నువ్వు పో," అన్నాను.

"అలాగే అక్కా," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు.

సువామే మెకానిక్కుల పేటలో కారు వదిలేసి ఇంటికి పోయే వెర్రివాళ్లెవరూ ఉండరు. పక్కనే బల్ల వేసుకుని సాయంత్రం దాకా కూర్చోవాలి. కన్ను పక్కకి తిరిగిందా, మంచి సామాను పోయి దాని చోట పాతది వచ్చి కూర్చుంటుంది. ఊడదీసిన ముక్కని కూడా నేను అక్కడ వదలను, మూటగట్టి ఇంటికి తెచ్చుకుంటాను. మధ్యలో లేవాల్సి వస్తే నా చోట తావియా కూర్చుంటాడు. ఆ రోజు మాత్రం మొక్కజొన్న కెంకీ ముద్దల పొట్లమూ నీళ్లూ వెంట తెచ్చుకున్నాను, లేచే పని లేకుండా.

మాస్టర్ ఓపారే మా ఆయన కాలం నుంచీ మా మెకానిక్కు. పొగ గొట్టం దగ్గర వంగి వాసన చూసి తల పంకించాడు.

"బ్రెయిన్ బాక్స్ పోయిందమ్మా. ఇంజనుకి పెట్రోలు ఎంత పొయ్యాలో లెక్క చెప్పేది అదే. మార్చేద్దాం."

"కొత్తది మీ బావమరిది కొట్లోనే ఉందేమో?"

"ఉంటే తప్పా?"

తప్పని అనలేదు. పక్క సందులోంచి కంప్యూటరు పెట్టి బండ్లు చూసే అంపోమాని పిలిపించాను. ముందే అడిగాను, ఓపారేతో చుట్టరికం ఏమన్నా ఉందా అని.

"మా ఇద్దరికీ మాటలే లేవు. చాలా?" అంది.

"అయితే చూడు."

ఆమె స్టీరింగు కింద తీగ తగిలించి, తావియాని పెద్ద రోడ్డు మీదికి పోనివ్వమంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను, ఇద్దరూ కళ్లతో మాట్లాడుకుంటారేమోనని. ఆమె మాత్రం తెర మీద అంకెలే చూసింది. వెనక్కి వచ్చి ఆగాక బానెట్ ఎత్తి, నీళ్ల గొట్టం మీద నా చెయ్యి పెట్టించింది. గోరువెచ్చగా ఉంది.

"ఇంతసేపు తిరిగొచ్చింది కదా, చెయ్యి కాలాలి. మీ పెట్టె బాగానే ఉంది. నీళ్లలో ఉన్న సెన్సారు ఇంజను చల్లగా ఉందని చెబుతోంది, అదీ నిజమే. చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పొయ్యాలి కాబట్టి పెట్టె పెట్రోలు చిమ్మే నాజిళ్లని ఎక్కువసేపు తెరిచి ఉంచుతోంది. రోజంతా ఇదే వరస. కాలని పెట్రోలు పొగలో పోతోంది. ఇతని చొక్కా వాసన అదే."

"ఈ ఎండలో ఇంజను వేడెక్కకపోవడమేంటి?"

ఆమె నీళ్ల గొట్టాన్ని ఇంజను దగ్గర ఊడదీసింది. లోపల ఖాళీ.

"థర్మోస్టాట్ ఏది? ఇంజను వేడెక్కేదాకా నీళ్లని ఆపాల్సింది అదే కదా."

"నేనే తీశాను," అన్నాడు ఓపారే. "మన ఎండకి దాంతో పనేంటి? ఇక్కడ అందరం తీసేస్తాం. టెచిమాన్ దారిలో ఇంజను ఉడికిపోయిందని అమ్మే తీసుకొచ్చింది. తీశాక వేడి సూది కిందికి దిగిందని ఎంత మురిసిపోయిందో అడుగు."

"తీసినదేం చేశావ్?"

"నన్ను ముట్టుకోనిచ్చిందా? అమ్ముకుంటానని గుడ్డలో కట్టుకుని పట్టుకుపోయింది."

నిజమే. అది నా మంచం కింద పాలపొడి డబ్బాలో ఉంది. పెట్రోలు గొడవ మొదలైంది కూడా ఆ టెచిమాన్ ప్రయాణం తర్వాతే. బండి బరువుగా లాగుతోందక్కా అని తావియా అప్పుడే అన్నాడు. దొంగతనానికి ముందే సాకు సిద్ధం చేసుకుంటున్నాడనుకున్నాను.

గుడ్డ ముడి విప్పి తాళంచెవి తావియాకి ఇచ్చాను. "ఆ తాళం తీసెయ్," అన్నాను.

అతను పెట్రోలు మూత తాళం తీసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే కారు తాళాలు కూడా పెట్టాడు.

"అదేంటి? లోపం కారుదేనని తేలిందిగా. నిన్ను పొమ్మనలేదు."

"పెట్టెకి సెన్సారు చెప్పింది కాబట్టి నమ్మింది. నేను దొంగనని నీకెవరు చెప్పారక్కా?"

ఎవరో ఒకరి పేరు చెప్పాలని వెతుక్కున్నాను. ఎవరూ చెప్పలేదు. అతను బస్సుల అడ్డా వైపు నడిచి వెళ్లిపోయాడు.

"కొత్త థర్మోస్టాట్ తెప్పించనా అమ్మా, ఇంట్లోది తెస్తారా?" అని ఓపారే అడిగాడు.

"ఇంట్లోదే తెస్తాను," అని లేచి, అలవాటు కొద్దీ నా చోట కూర్చోమని తావియాకి చెప్పడానికి వెనక్కి తిరిగాను. బల్ల మీద తాళాలే ఉన్నాయి.