ఏడో మజిలీ ఎదురుగా గీత

"కళ్ళు పోతాయే నీకు. కళ్ళు బాగుంటే వేళ్ళు పడిపోతాయి. రెండూ బాగుంటే ఆ డబ్బా పేలిపోతుంది," అంది తల్లి, కంప్యూటర్ ఆన్ కూడా కాకముందే.

కూతురు ఊఁ కొట్టి కూర్చుంది. అన్నం మెతుకు మెతుకుగా ఏరుకు తింటుందని ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. ఒకే ఆటను అందరికంటే వేగంగా ముగించాలని రెండేళ్ళుగా ఆమె పంతం. తల్లికి అందులో అర్థమైంది తెర పక్కన పరుగెత్తే టైమర్ ఒక్కటే. ఆటను పన్నెండు మజిలీలుగా విడగొట్టుకుని, ఒక్కోటీ దాటగానే పిచ్చుక ఒక మీట నొక్కుతుంది. టైమర్ ఆ మజిలీకి పట్టిన సమయం రాసుకుంటుంది. పాత రికార్డు కంటే ముందుంటే అంకె పచ్చగా, వెనకబడితే ఎర్రగా, ఎన్నడూ లేనంత వేగమైతే బంగారు రంగులో. ఎరుపు కనబడితే చాలు, తల్లికి కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆరు మజిలీలూ పచ్చగానే దాటాయి. ఏడోది ముగిసే క్షణాన, ప్లగ్ దగ్గర కాలిన వాసన వచ్చినట్టనిపించి తల్లి కేక పెట్టింది. వాసనా లేదు, పాడూ లేదు. పిచ్చుక ఆట ఆపలేదు గానీ, మీట నొక్కడం మరిచిపోయింది. కాస్త దూరం పోయాక తేరుకుని, ఇంకో మీట నొక్కి, ఏడోది వదిలేశానని టైమర్‌కు చెప్పింది. అంకె ఉండాల్సిన చోట ఒక గీత పడింది. ఎనిమిదో అంకెలో రెండింటి సమయమూ కలిసిపోయింది. అయినా మొత్తం మీద పాత రికార్డు కంటే పదకొండు సెకన్లు ముందే ఆట ముగిసింది.

మూడు రోజులకు, పిచ్చుక పంపిన ఫారం చూసి, ఆ ఆట రికార్డులు సరిచూసే అతను కుదరదని రాశాడు. ఫారంలో పన్నెండు అంకెలూ ఉండాలట. ఆ రెండింటి సమయాన్ని చెరి సగం చేసి రాసి పంపితే ఒప్పుకుంటాడట.

రాసెయ్యమని తల్లి బతిమాలింది. రాయకపోతే వెలివేస్తారని, పేపర్లో వేస్తారని, రేపు ఉద్యోగం కూడా ఇవ్వరని ఏకరువు పెట్టింది.

"నేను నొక్కని అంకె నేను రాయనమ్మా," అంది పిచ్చుక. "ఏడోది పెద్దది, ఎనిమిదోది చిన్నది. సగం చేస్తే ఏడోది బంగారమైపోతుంది. ఆ వేగం ఎవ్వరికీ రాలేదు, నాక్కూడా. ఇక అందరూ దాని వెంట పడి చావాలి."

తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఒకప్పుడు గడియారం పట్టుకుని ఎవరి పని ఎంతసేపో రాసుకునే సూపర్‌వైజరు, కాలరుకూ కఫ్‌కూ మధ్య గడియారం నొక్కడం మరిచి, మొత్తాన్ని చెరి సగం చేసి రాసేశాడు. కఫ్ అంటే చొక్కా చేతి చివరి పట్టీ, చిటికెలో అయ్యే పని. కాలరు అలా కాదు. ఎవరూ కుట్టని ఆ వేగమే ఆమెకు లెక్కయి కూర్చుంది. దాన్ని అందుకోలేక ఆరేళ్ళు మాట పడింది. మంచినీళ్ళకు లేవాలన్నా భయపడింది. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం రికార్డులు సరిచూసే అతను ఫోన్ చేశాడు. పిచ్చుక మళ్ళీ అదే మాట చెప్పబోతుంటే తల్లి చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"పిచ్చుక వాళ్ళమ్మను బాబూ. కేక పెట్టి పాడుచేసింది నేనే, తిడితే నన్ను తిట్టు. మొత్తం ఎంతసేపైందో నీ దగ్గరుంది. ఆ రెండూ కలిపి ఎంతో కూడా ఉంది. విడివిడిగా ఎంతో మాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలీనిది తెలిసినట్టు మా పిల్ల రాయదు. ఆ గీత అక్కడే ఉంటుంది. రికార్డు ఇస్తే ఇవ్వు, లేకపోతే మానెయ్."

అవతల చప్పుడు లేదు. పెట్టేశాడేమో, ఇదంతా రికార్డు చేసుకున్నాడేమో, పిల్ల రెండేళ్ళ కష్టం ఒక్క మాటతో బూడిద చేశానేమో అని తల్లి అనుకుంది. అయినా ఫోన్ కూతురి చేతికివ్వలేదు, క్షమించమనీ అనలేదు. పిచ్చుక తల్లినే చూస్తోంది. ఫోన్ తెర మీద క్షణాలు కదిలిపోతున్నాయి.

అవతల అతను మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

"ఏడూ ఎనిమిదీ కలిపి ఒకే గడి చేస్తానండీ," అన్నాడు. "ఫారం మార్చడానికి రెండు రోజులు పడుతుంది."