గడ్డి దొంగ

చువ్వ కొసతో టిఫిను డబ్బాని తట్టి, చప్పుడు విన్నాక గానీ ఆయన ఎవరినీ గేటు దాటనివ్వడు. లోపలికొచ్చేవాళ్ళకి కూడా ఈ సోదా ఎందుకని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. పొద్దున ఏం తెచ్చారో తెలిస్తేనే కదా సాయంత్రం ఏం పట్టుకుపోతున్నారో తెలిసేది అంటాడు. పింగాణీ కప్పులు చేసే ఆ కర్మాగారంలో గేటు కాపలా కాసే ఆయన్ని ఎదురుపడితే అందరూ మావయ్యగారంటారు, వెనక మాత్రం చువ్వ అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు.

బక్కపలచని మనిషి. మెడ చుట్టూ మఫ్లరు, మోకాళ్ళ దాకా వేలాడే ఖాకీ కోటు, చలికి పగిలిన పెదవులు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది, ఎడమ చెయ్యి బరువెక్కింది. టీ కొట్టువాడు నిన్నటి పాలు కాచి పోశాడని నిర్ధారించుకున్నాడు. నొప్పికైనా సరే, ఆయన లెక్కలో ఒక ముద్దాయి ఉండాలి.

పుట్టుకతోనే ఇలా లేడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడే పనిచేసే బావమరిది సంచిని మొహమాటానికి పోయి చూడకుండా వదిలేశాడు. గేటు దాటాక అందులో కప్పులు దొరికాయి. ఉద్యోగం పోయినంత పనైంది. మర్నాటి నుంచి, మధ్యాహ్నం అన్నం తెచ్చే భార్య క్యారియరుని కూడా వదల్లేదు. పప్పులో చువ్వ గుచ్చి చూసిన రోజు నుంచి ఆవిడ అన్నం తేవడం మానేసింది. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఆయన గేటు పక్క గదిలో ఒక్కడే ఉంటూ, పంచదార డబ్బాకి తాళం వేసుకుంటాడు. పిల్లికి కూడా బిచ్చం పెట్టడని పేరు తెచ్చుకున్నాడు.

ఈ చలికాలం కర్మాగారంలో గడ్డి పోతోంది. పెట్టెల్లో కప్పుల మధ్య కూరే ఎండుగడ్డి. రంగు సీసాలు వచ్చే థర్మోకోల్ పెట్టెలు కూడా ఒకటీ అరా మాయమవుతున్నాయి. ఆ పొద్దున మేనేజరు పిలిపించాడు.

"రేపటికల్లా మనిషిని చూపించండి మావయ్యగారూ. ఎవరైనా సరే, పనిలోంచి తీసేస్తాను."

"ఇంటి దొంగే సార్. పట్టుకుంటాను."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర త్రిశూలం ఉంది గానీ చువ్వ లేదు కదా అనుకున్నాడాయన. గడ్డి కోసం గడ్డి దొంగిలించేవాడు ఎవడూ ఉండడు. గడ్డి మాటున కప్పులు పోతున్నాయి, అంతే. ఇలాంటిదేదో జరుగుతుందనే, చలికి ముందే బట్టీ గది వెనక గోడ అడుగున ఉన్న కంతని తన చేతులతో ఇటుకలు పెట్టి పూడ్చేశాడు. అందులోంచి కప్పులు అవతలికి అందించడం ఎంతసేపు?

మధ్యాహ్నం ప్యాకింగు షెడ్డులోకి వెళ్ళి, గడ్డి దొంగ ఎవరో తెలిసిపోయిందని గట్టిగా చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఒకరైనా ఉంటారని ఆయన నమ్మకం. అందరూ నవ్వారు. పెద్దక్క చేతులు మాత్రం ఆగాయి.

పెద్దక్క అక్కడ అందరికంటే పాత మనిషి. భర్త పోయాక ఆ షెడ్డులో చేరింది. కప్పులు చుట్టీ చుట్టీ వేళ్ళు వంకర తిరిగిపోయాయి. ఆవిణ్ణి చూస్తుంటే ఆయనకి ఇన్నాళ్ళూ తట్టని సంగతి తట్టింది. ఆవిడ పొద్దున సన్నగా వస్తోంది, సాయంత్రం లావుగా వెళ్తోంది. ఆడవాళ్ళని సోదా చేసే అమ్మాయి కాన్పుకి వెళ్ళినప్పటి నుంచీ ఇదే వరస.

సైరన్ మోగాక ఆవిడ గేటు దగ్గరకొచ్చి ఖాళీ సంచి తెరిచి చూపించింది. స్వెట్టరు ఉబ్బి ఉంది. మెడ దగ్గర ఒక గడ్డిపరక బయటికి తొంగి చూస్తోంది.

"చలి ఎక్కువగా ఉన్నట్టుందే?" అన్నాడు.

"ఉంది అన్నయ్యగారూ."

పోనిచ్చి, వెనకాలే బయల్దేరాడు. ఆవిడ బస్సు రోడ్డు వైపు వెళ్ళలేదు. ప్రహరీ చుట్టూ తిరిగి బట్టీ గది వెనక్కి, పగిలిన సాసర్లు పారబోసే చోటికి వెళ్ళింది. సరుకు అందుకునేవాడు అక్కడ కాచుకుని ఉంటాడనుకుని ఆయన చువ్వ పైకెత్తి పట్టుకున్నాడు.

ఎవరూ లేరు. సాసర్ల చెత్తతో పాటు గేటు దాటినవి కాబోలు, గోడ పక్కన రెండు థర్మోకోల్ పెట్టెలున్నాయి. మూతలు ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టి ఉన్నాయి, ఒక్కోదానికి పక్కన గుండ్రంగా కోసిన దారి ఉంది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, స్వెట్టరులోంచి గడ్డి లాగి లోపల కూరుతోంది. ఆయన చరచరా వచ్చి పెట్టెలో చువ్వ దూర్చాడు. లోపలి నుంచి బుస్సుమంటూ పంజా తగిలింది.

"కప్పులు లేవన్నయ్యగారూ. తల్లిపిల్లి ఉంది, పిల్లలతో."

ఆయన వంగి చూశాడు. రెండో పెట్టెలోంచి చెవి చిరిగిన గండుపిల్లి ఆయన్నే చూస్తోంది.

"పాత గోనె వెయ్యొచ్చుగా. గడ్డే ఎందుకు?"

"గోనె చెమ్మ పీల్చి ఇంకా చల్లబడుతుంది. గడ్డి పొడిగా ఉంటుంది."

"వీటికి ఈ ఏడే చలి పుట్టిందా? ఇన్నేళ్ళూ ఎక్కడున్నాయి?"

పెద్దక్క గోడ వైపు చూసింది. పాత గోడలో ఆయన కట్టిన మేర కొత్త సిమెంటుతో తెల్లగా కనిపిస్తోంది.

"లోపలే. బట్టీ పక్కన వెచ్చగా పడుకునేవి. మీరు కంత పూడ్చాక, మొదటి మంచుకి రెండు పిల్లలు పోయాయి." మిగిలిన గడ్డి సర్దుతూ అడిగింది. "రేపు సారుకి చెప్పేస్తారా?"

"చెప్పడమే నా పని."

"సరే. పెట్టెలు మాత్రం తీయించకండి." ఆవిడ చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆయనకి సిగ్గేసింది. భార్య క్యారియరు రాని మొదటి మధ్యాహ్నం కూడా ఇంత సిగ్గెయ్యలేదు. వెలుగు పూర్తిగా పోకముందే చువ్వ కొసని ఇటుకల సందులో పెట్టి తవ్వడం మొదలుపెట్టాడు. సిమెంటు ఇంత గట్టిగా కలిపిన వెధవ ఎవడని తిట్టుకున్నాడు, ఆ వెధవ తనేనని గుర్తొచ్చింది. నొప్పి ఛాతీలోంచి దవడ దాకా పాకింది. టీ కొట్టువాణ్ణి మరో మాటు తిట్టుకుని, ఇటుకలన్నీ లాగేశాడు. మొహానికి బట్టీ వేడి తగిలింది. గండుపిల్లి వచ్చి ముందు ఆయన బూట్లని, తరవాత కంత అంచుని వాసన చూసి, తృప్తి కలిగాకే లోపలికి వెళ్ళింది. అనుమానంలో అది తనకేమీ తీసిపోలేదు. ఆయన గేటు దగ్గరకు తిరిగొచ్చి, చువ్వని కుర్చీకి ఆనించి కూర్చున్నాడు.

పొద్దున మొదట వచ్చినవాడు అలవాటుగా డబ్బా ముందుకు చాపి నిలబడ్డాడు. వాడి వెనక వరస పెరిగింది. అందరూ సంచులు తెరుచుకుని ఎదురుచూశారు. చువ్వ లేవలేదు. ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే తెలిసింది, రాత్రి ఎప్పుడో ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని.

మేనేజరు వచ్చాడు. కోటు అంచున అంటుకున్న గడ్డి చూశాడు. అంతలో బట్టీ గదిలో కంత తెరిచి ఉందని కబురొచ్చింది.

"ఇంటి దొంగ అన్నాడు నాతో," అన్నాడు మేనేజరు. "ఈయనే అయ్యుంటాడని అనుకోలేదు."

వరసలో ఎవరో అవునన్నట్టు తలూపారు. పెద్దక్క నోరు మెదపకపోతే ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. తడుముకోవడానికి ఆవిడ భుజాల మీద ఇప్పుడు గుమ్మడికాయ కూడా లేదు. అయినా వరసలోంచి ముందుకొచ్చింది.

"గడ్డి నేను తీశాను సార్. ఆయన కప్పు కాదు కదా, పరక కూడా తియ్యలేదు. పిల్లుల కోసం ఆ కంత తెరిచారు, అంతే."

మేనేజరు ఆవిడ వైపూ కుర్చీ వైపూ మార్చి మార్చి చూశాడు. ముందుగా మావయ్యగారి భార్యకి కబురు పెట్టమన్నాడు. తరవాత, తన మాట మాటే కాబట్టి, పెద్దక్క లెక్క చూసి పంపించెయ్యమన్నాడు.

ఎండ ఎక్కాక ఆవిడ సంచి తీసుకుని బయల్దేరింది. ఆయన్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీ ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరూ అడగకుండానే సంచి తెరిచి పట్టుకుంది. చువ్వ కుర్చీకి ఆనుకునే ఉంది, కొస వంగి, సిమెంటు పొడితో తెల్లగా.