చెరువు గేటు దగ్గర నాలుగు శుక్రవారాలు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ నన్ను ఇంకా నాలుగో తరగతి పాస్ చెయ్యలేదు. మొలొకై దీవిలో మా ఊరి బడిలో ఆవిడే నా టీచరు, మిసెస్ హ్యారియెట్ నహాలే. ఆ సంగతి తెలిసీ వాళ్లబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. హొనొలులు వెళ్లి డిగ్రీ తెచ్చుకున్నా, ఇంతకాలం ఈ ఇల్లు నడిపినా, నేను రాసిన సరుకుల చీటీని ఆవిడ ఇప్పటికీ ఎర్ర పెన్నుతో దిద్దుతారు. చేమదుంప ముద్ద పలచనైతే గిన్నె నా వైపు జరిపి "మళ్లీ చెయ్యి" అంటారు, హోంవర్కు వెనక్కిచ్చినట్టు.

అలాంటి మనిషి ఈ ఏడు మాటలు తగ్గించేశారు. కారణం మా అమ్మాయి కనోయె. ఇప్పుడు అదే బడిలో నాలుగో తరగతికి అది టీచరు. సముద్రం ఒడ్డున నల్లరాళ్ల గోడ కట్టి మా ఇంటి పూర్వీకులు చేసిన చేపల చెరువు మడ చెట్లతో పూడిపోయింది. వాటి వేళ్లు గోడ రాళ్లను ఒక్కొక్కటే కదిలిస్తున్నాయి. అమామా చేపలు లేవు, పొడుగు కాళ్ల ఏఓ పిట్టలు రావడం మానేశాయి. ఇంకో వానాకాలం గడిస్తే గోడ మిగలదని, ఈలోగా ప్రతి శుక్రవారం పిల్లలతో మొక్కలు పీకిస్తానని, పెద్ద చెట్ల సంగతి తర్వాత చూద్దామని కనోయె అంది.

చిక్కేమిటంటే, ఆ మడ చెట్లు నాటించింది మా అత్తగారే. నాటినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అది డెబ్బై ఐదో సంవత్సరం. కొండల మీంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి చెరువు నిండుతోందని, మడ వేస్తే మట్టి ఆగుతుందని బడికి ఎక్కణ్ణించో ఒక అచ్చు కాగితం వచ్చింది. టీచరుగారు గౌను మోకాళ్ల పైకి ముడేసి, గోనెసంచీ భుజాన వేసుకుని మమ్మల్ని బురదలోకి దింపారు. మడ కాయ మునక్కాయ ముక్కలా ఉంటుంది. మొన బురదలో గుచ్చితే చాలు, అదే చెట్టవుతుంది. ఇరవై ఆరుగురం వరసగా గుచ్చుకుంటూ పోయాం. తర్వాత నా మొగుడైనవాడు ఆ రోజు నా జడకు బురద పట్టించాడు. మధ్యాహ్నం సముద్రంలో చేతులు కడుక్కుని, ఆకుల్లో చుట్టి ఉడికించిన పంది మాంసం తిన్నాం. టీచరుగారు నవ్వడం మేం చూసింది అదే మొదలు. ముందు పళ్ల మధ్య సందుందని ఆ రోజే తెలిసింది. నా చదువు మొత్తంలో ఒక రోజు తిరిగి ఇస్తామంటే నేను ఆ రోజే అడుగుతాను.

ఎవరి చోటికి వెళ్లినా గుమ్మం దగ్గర నిలబడి మా భాషలో పాటగా అనుమతి అడగడం మావాళ్ల పద్ధతి. లోపలున్నవాళ్లు పాటగానే రమ్మంటే తప్ప అడుగు పెట్టకూడదు. చెరువుకు పెద్ద మా అత్తగారు. మొదటి శుక్రవారం పిల్లలు గేటు దగ్గర గొంతెత్తి అడిగారు. ఆవిడ లోపల తన కుర్చీలో కూర్చుని సముద్రం చూస్తున్నారు. పిల్లలు మూడుసార్లు అడిగారు. జవాబు లేదు. తిరిగి బస్సెక్కారు. రెండో శుక్రవారం అంతే. మూడోసారికి కనోయె పిల్లల చేత రోడ్డు పక్క చెత్త ఏరించి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం అది వంటింట్లోకి వచ్చి, "నీ అత్తగారితో నువ్వే మాట్లాడమ్మా" అంది.

"నీకు ఆవిడ నాయనమ్మ మాత్రమే. నాకు టీచరు కూడాను. నావల్ల కాదు."

అయినా గిన్నెలు తుడుస్తూ మాట కదిపాను. ఆవిడ తుడిచిన పళ్లెం పక్కన పెట్టి, "అవి నా పిల్లలు పెట్టిన చెట్లు. అందులో నీదీ ఉంది. పీకించేస్తావా?" అన్నారు. పెళ్లికి ముందు నా చెట్టు కిందే కూర్చుని వాళ్లబ్బాయి రాసిన ఉత్తరాలు చదువుకున్నాను.

నాలుగో శుక్రవారం పొద్దున్నే ఒక చిన్న పని చేశాను. లోపల ఎండగా ఉందన్న వంకతో ఆవిడ కుర్చీ తీసుకెళ్లి గేటు బయట నీడలో వేశాను. రమ్మనాల్సింది లోపలున్నవాళ్లు కాబట్టి, బయట కూర్చున్న మనిషి జవాబు చెప్పకపోయినా ఎవరూ తప్పు పట్టరు. నా ఉపాయం అంతవరకే. ఎండుటాకులు ఊడ్చే నెపంతో నేను లోపలే ఉండిపోయాను. ఆవిడ కుర్చీని చూశారు, నన్ను చూశారు. మోకాళ్లు సహకరించక కూర్చున్నారు.

పిల్లలు వచ్చి పాట ఎత్తుకున్నారు. ముందు నిలబడ్డ నోహెయా అనే పిల్ల ఊపిరి చాలక ఒక పాదం సగంలో మింగేసింది. కనోయె ఊరుకుంది. మా అత్తగారు ఊరుకోలేకపోయారు.

"ఆగు. మధ్యలో ఊపిరి తెంపకూడదు. సగంలో తెగితే అడిగినట్టు కాదు. ఇలా చూడు."

కర్ర పట్టుకుని లేచి, గేటు వైపు తిరిగి, మొదటి పాదం నుంచి చివరిదాకా తనే పాడారు. ఎనభై రెండేళ్ల గొంతు ఎక్కడా తెగలేదు. పాట అయ్యాక గేటు దాటకుండా బయటే ఆగారు.

నోహెయా ఆవిడ గౌను పట్టుకుని లాగింది. మా ఊరి పిల్లలకు ముసలావిడ ఎవరైనా టూటూ, అంటే నాయనమ్మే. "టూటూ, నువ్వు కూడా అడిగేశావుగా. మరి రమ్మని ఎవరంటారు?"

లోపల చీపురుతో నేనొక్కదాన్నే ఉన్నాను. రమ్మనే పాట కొత్త కోడలిగా వచ్చిన వారంలో పొయ్యి దగ్గర నిలబెట్టి ఆవిడే నాకు నేర్పారు. చీపురు కింద పెట్టి పాడాను. రెండో పాదంలో శ్రుతి జారింది. ఆవిడ దిద్దలేదు.

నోహెయా చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చారు. నేరుగా నా చెట్టు దగ్గరికి నడిచి, దాని వేళ్ల మధ్య ఇరుక్కుని పక్కకు ఒరిగిన గోడ రాయి మీద చెయ్యి వేశారు. తర్వాత పిల్లల వైపు తిరిగారు. అది నేను నాలుగో తరగతిలో విన్న గొంతు.

"ఈ చెట్లు నేనే నాటించాను. ఇప్పుడు పాడిన పాట మా నాయనమ్మ నాకు మీ వయసులోనే నేర్పింది. కానీ నేను టీచరైన రోజుల్లో బడిలో మన భాష వినిపిస్తే నామోషీ. అందుకని ఆ రోజు నా పిల్లల్ని గేటు దగ్గర ఆపలేదు, పాట పాడలేదు. కాగితంలో ఉన్నది చదివి, తిన్నగా లోపలికి తీసుకొచ్చేశాను." ఆవిడ నా వైపు చూశారు. "నేను చేసింది తప్పు."