జెండా పడిన తర్వాత

వంతెన పూర్తిగా లేచాక డౌవె తన గాజుగదిలో మీట వదిలి కిందికి వంగి చూశాడు. ఇసుక పడవ నింపాదిగా కాలువలో సాగిపోయింది. ఇవతల అడ్డుకర్ర దగ్గర ఆగిన జనంలో ఫొప్పె లేడు. ముప్పై ఏళ్లుగా ఉదయం తొమ్మిదీ నలభైకి ఈ వంతెన దాటుతూ గాజుగది వైపు చెయ్యెత్తే మనిషి, మూడు వారాలుగా ఎగువనున్న ఇంకో వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతున్నాడు.

డౌవెకు అరవై రెండేళ్లు. పొట్టి మెడ, కాయలు కాచిన కుడి అరచెయ్యి, ఎడమ చెవికి కాస్త చెవుడు. ఇన్నేళ్లలో ఒక్క పడవకూ వంతెన ఆలస్యంగా ఎత్తలేదు. ఊళ్లో అతని గురించి చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదు. శనివారం శనివారం చదరంగం ఆడతాడు, అంతే.

మూడు వారాల కిందట క్లబ్బు పోటీలో ఆఖరి ఆట వాళ్లిద్దరికీ పడింది. చెరో ఐదు నిమిషాలు. డౌవెకు మిగిలింది రాజూ, ఒక బంటూ. ఫొప్పెకు మంత్రీ, ఏనుగూ ఉన్నాయి. ఇంకో రెండెత్తుల్లో ఆటకట్టు. కానీ రెండేళ్లుగా ఫొప్పె చేతులు వణుకుతున్నాయి. వేలు తగిలి ఏనుగు పడిపోయింది. పడగొట్టినవాడు తన సమయంలోనే దాన్ని నిలబెట్టాలి, అది నియమం. మూడుసార్లు నిలబెట్టబోయాడు, మూడుసార్లూ ఒరిగిపోయింది. డౌవె చెయ్యి చాస్తే సరిపోయేది. చేతులు కట్టుకుని, ఆట గడియారంలో ఫొప్పె వైపున్న, గడువు ముగిస్తే పడే చిన్న ఎర్రజెండాకేసి చూస్తూ కూర్చున్నాడు. ముల్లు పన్నెండు దాటింది, జెండా పడింది.

"టైమయిపోయింది," అన్నాడు డౌవె.

కప్పు మీద అతని పేరే చెక్కారు. ఆ రాత్రి నుంచి అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొస్తున్నది తన గొంతే. అందులో ఎంత తొందర ఉందో.

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి తిన్నగా క్లబ్బుకు వెళ్లాడు. కిటికీ పక్క బల్ల దగ్గర ఫొప్పె ఒక్కడే, కోటు విప్పకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏరా, ఛాంపియనూ. ఇంకా మొహం చూపిస్తున్నావా?"

"ఆ ఆట మళ్లీ ఆడదాంరా. కమిటీకి నేను చెప్తా."

"ఏమని చెప్తావ్? రూలు ప్రకారమే గెలిచావుగా. నాకు కాలేది అదేరా. తిడదామంటే నీలో తప్పు దొరకట్లా."

డౌవె తల దించుకున్నాడు. "ఆ ఏనుగుని నేను నిలబెట్టాల్సింది."

"ఆ, నిలబెట్టాల్సింది," అన్నాడు ఫొప్పె. బల్లని ముందుకి లాక్కున్నాడు. "సరే, పావులు పేర్చు."

"గడియారం వద్దులే."

"అది లేకపోతే ఆట కాదు, ఉత్త కాలక్షేపం. ఐదు నిమిషాలు పెట్టు. జాలిపడ్డావో, బల్ల తీసి నెత్తిన కొడతా."

ఆట బాగా నడిచింది. ఫొప్పె గుర్రం బలిచ్చి, మునుపటిలా కొంటెగా నవ్వాడు కూడా. డౌవె దాన్ని కొట్టాక ఎత్తు వెయ్యాల్సిన వంతు ఫొప్పెదే. గడ్డం గుండెకానించి బల్లకేసి చూస్తూ ఆగిపోయాడు. గడియారం నడుస్తోంది. ముల్లు తగిలి అతని జెండా మెల్లగా లేవడం డౌవె చూసి మొహం తిప్పుకున్నాడు. టిక్కుమని పడింది.

ఈసారి టైమయిపోయిందని అనలేదు. ఎంతసేపైనా ఆలోచించుకోనీ, సాయంత్రం దాకా కూర్చోనీ అనుకున్నాడు. మూడు వారాల తర్వాత గుండె మొదటిసారి తేలికపడింది.

క్లబ్బు కార్యదర్శి చిట్స్కె బిస్కెట్ల పళ్లెంతో వచ్చింది. "ఏంటయ్యా, ఇద్దరూ నిద్రపోయారా?" అంటూ ఫొప్పె భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. గొంతు తగ్గించి, "డౌవె, అంబులెన్సుకి ఫోన్ చెయ్," అంది.

వచ్చిన నర్సు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ప్రయత్నించింది. ఆఖరికి లేచి అడిగింది. "ఎంతసేపైంది ఇలా అయ్యి?"

"జెండా పడ్డాక నాలుగు నిమిషాలకి ఈవిడ వచ్చింది."

"ఏం జెండా?"

డౌవె బల్ల మీది గడియారం చూపించాడు.

"మీరు పలకరించలేదా?"

"ఆలోచిస్తున్నాడనుకున్నా."

ఆమె ఏదో రాసుకుంది. "క్షణంలో పోయుంటారు లెండి," అంది. అందరికీ అలాగే చెబుతుంది కాబోలు అనుకున్నాడు డౌవె.

ఫొప్పెను తీసుకెళ్లాక బయటికి వచ్చాడు. చినుకులు పడుతున్నాయి. కాలువ కమ్మీకి ఫొప్పె సైకిలు ఆనించి ఉంది. సీటు తడవకుండా రొట్టెల కొట్టు సంచి కప్పి, చివర్లు ముడివేసి ఉన్నాయి. ఒక్క ముడి కాదు, వణికే చేతులతో వేసింది వదులైపోతుందని ఒకదానిమీద ఒకటిగా ఐదారు ముళ్లు.