సెల్విన్ సాక్ష్యం

మా తమ్ముడు సెల్విన్ జైలు నుంచి వచ్చాక మా చర్చిలో ఆదివారాలకు కొత్త కళ వచ్చింది. మూతబడిన గనిలో రాగి తీగ దొంగిలిస్తూ పట్టుబడ్డాడు వాడు. లోపలున్నన్నాళ్ళూ అమ్మ తప్ప వాణ్ణి చూడబోయిన మనిషి లేడు. ఇప్పుడేమో సంఘ పెద్ద అమోసు వాణ్ణి మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాడు. నలుగురిలో పాపం ఒప్పుకుంటే మనిషి మారినట్టేనట. బెంగళూరు దారిలో ఉన్న నరసాపురం ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని కూడా ఆశపెట్టాడు, అందుకే మేం నోరు మూసుకున్నాం.

మొదటిసారి వాడు తీగ సంగతి చెప్పి ఏడ్చాడు. జనం ఆవులించారు. అమోసు వాడి చెవిలో ఏదో ఊదాడు. మరుసటి వారం కథలోకి కత్తి వచ్చింది. ఆ పై వారం వాచ్‌మన్ రక్తం వచ్చింది. చేయని నేరానికి చప్పట్లు! నోరు తెరుచుకుని వినే ఆ ముఖాలు చూస్తే నాకు ఒళ్ళు కంపరమెత్తేది. తర్వాత ఆవరణలో బంతిభోజనాలకు కూర్చున్నప్పుడు మాత్రం వాడి పక్కన ఒక్కరూ కూర్చోరు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర!

అంతకంటే అసహ్యం, మావాడు ఆ చప్పట్ల రుచి మరగడం.

పోయిన ఆదివారం భోజనాల వేళ, దొంగతనాల్లో వాడి పాత జోడీ మునేష్ గేటు దగ్గర బండి ఆపాడు. మైకులో అంతా విన్నాడట.

"కత్తి గూడా పట్టినావా మచ్చా! అంత ధైర్యం ఉంటే ఈడేమి చేస్తావు? రా, పని ఉండాది."

సెల్విన్ సిగ్గుపడలేదు, మీసం దువ్వాడు.

అంతలో అమోసు వచ్చాడు. "వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి పెద్దోళ్ళు వస్తారప్పా. ఆ వాచ్‌మన్ సంగతి ఇంగ కొంచెం బాగా చెప్పల్ల."

అమ్మ ఎంగిలి చేత్తోనే లేచి వచ్చింది.

"వీడు కత్తి పట్టలేదు, ఎవర్నీ పొడవలేదు. పోలీసును చూసి బెదిరి, పరిగెత్తి మురికి మోరీలో పడినాడు" అంది అందరికీ వినబడేలా.

మునేష్ పగలబడి నవ్వి బండి తిప్పుకుని పోయాడు. సెల్విన్ తల వంచుకున్నాడు. అమోసు ముఖం నల్లబడింది.

"ఎస్తరమ్మా, వీడు వచ్చే వారం చెప్పకుంటే నరసాపురం పని మరిచిపోండి."

"మరిచిపోతాము లేప్పా. వచ్చే ఆదివారం వీనికి వేరే పని ఉండాది."

"ఏమి పని?"

"నా పక్కన కూర్చోని అన్నం తినే పని."