పంతొమ్మిది మంది తల్లి

"మా మూలపుటమ్మ మరియా పంతొమ్మిది మందిని కన్నదమ్మా. పొద్దున కనేది, సాయంత్రానికి లేచి రొట్టెల పిండి పిసికేది. ఇప్పటి పిల్లలకి కూర్చోడానికి కుర్చీలు కావాల్సొస్తున్నాయి" అంది పెద్దావిడ దోనా ఒతీలియా, మనవరాలు తాయిస్ కింద ఉన్న కుర్చీ వంక చూస్తూ.

ఆవిడ కోడలు జులేకా అప్పుడు ఉడికిన బంగాళదుంపల తొక్క తీస్తోంది. ఏటా జరిగే వంశం కలయికకు వచ్చే నూట ఎనభై మంది భోజనాలకు దుంపల సలాడ్ అంటే మాటలు కాదు. వేళ్లు కాలుతున్నాయి. తకువారి ఊరి చర్చి హాలు వెనక వంటగదిలో తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లు నిలబడే ఉన్నారు. అందరూ బ్రూమ్ వంశపు కోడళ్లూ, కూతుళ్లే. బయట చింతనిప్పుల్లాంటి బొగ్గుల చుట్టూ బ్రూమ్ మగవాళ్లు చేరి, మాటే అనే ఆకుల కషాయం బుర్ర చేతులు మార్చుకుంటూ, పక్కటెముకల మాంసం ఎంతసేపు కాలాలో గొప్ప చర్చ చేస్తున్నారు. మధ్యాహ్నం మాంసం పళ్లెం బయటికి రాగానే చప్పట్లు కొడతారు. అన్నానికీ, సలాడ్‌కూ, కడిగిన నూట ఎనభై పళ్లేలకూ ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

పంతొమ్మిది మంది మాట జులేకాకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడకు మూడు గర్భాలు పోయాయి, కూతురు తాయిస్‌కు ముందు ఒకటి, తరువాత రెండు. మొదటిసారి ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అత్తగారు అన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మరియా పడవలో కన్నది, బండిలో కన్నది. నీకేమో పరుపు మీద కూడా నిలవలేదు." రెండోసారి భోజనాల బల్ల దగ్గర, అందరి ముందు అంది. మూడోసారి డాక్టర్లు గర్భసంచి తీసేశాక నేరుగా ఏమీ అనలేదు. పొరుగావిడతో గోడ మీద నుంచి, "మరియా మెట్టిన ఇంట్లో ఇదీ మా రాత" అంది. భర్త వల్మీర్ ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. "అమ్మ మనసులో ఏమీ ఉండదు, నోరే అంత." నోట్లోంచి వచ్చేది మనసులో లేకపోతే ఎక్కడి నుంచి వస్తుందో జులేకాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కానీ రాను రాను ఆవిడే తన ఒంటిని ఒక చేతకాని పనిమనిషిని చూసినట్టు చూడటం మొదలుపెట్టింది. అద్దం ముందు బట్టలు మార్చుకోవడం కూడా మానేసింది.

అలాంటి మనిషి మరియా కథను వెతకడానికి నాలుగేళ్లు ఎందుకు వెచ్చించింది అంటే, వల్మీర్‌కు వంశవృక్షం కావాల్సొచ్చింది. ఓపిక మాత్రం లేదు. పాత చర్చి పుస్తకాల ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, రెండు పేజీలు చూసి, "ఈ రాత కోడి గీకినట్టుంది, నువ్వు చూడు" అన్నాడు. రోజూ గిన్నెలు కడిగాక ఆ కోడిగీతలు చదవడం నేర్చుకున్నది జులేకా. పుట్టుకల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం, చావుల పుస్తకం, మూడూ ఆవిడే తిరగేసింది. ఊళ్లో వాళ్లు వల్మీర్‌ను "మన చరిత్రకారుడు" అని పిలవసాగారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, అచ్చైన పుస్తకం అట్ట మీద ఆయన పేరే ఉంది. లోపల చివరి పేజీలో, "టైపు చేసిపెట్టిన నా శ్రీమతికి కృతజ్ఞతలు."

పుస్తకం అచ్చయ్యాక, మొన్న ఫిబ్రవరిలో, వంశమంతా ఒక బస్సు మాట్లాడుకుని పూర్వీకులు వచ్చిన దారి వెంట బయలుదేరింది. సముద్రం అవతలి అసోర్ దీవుల నుంచి వచ్చి ఓడ దిగిన రేవు దగ్గర మొదలుపెట్టి, లగూనా మీదుగా, వియమాన్ మీదుగా, చివరికి తకువారి. మగవాళ్లు ప్రతి ఊరి బోర్డు దగ్గరా దిగి ఫొటోలు తీసుకున్నారు. జులేకా నలభై మందికి శాండ్‌విచ్‌లు చుట్టింది. కానీ ప్రతి ఊళ్లోనూ ఒక గంట దొరకబుచ్చుకుని, కంప్యూటర్‌లో ఫొటోలు లేని పాత పుస్తకాలు చూపించమని ఫాదర్లను బతిమాలింది. అక్కడ దొరికింది ఆవిడకు మరియా. ఒక మరియా కాదు.

దీవిలో ఇనాసియో బ్రూమ్‌ను పెళ్లాడి ఓడెక్కి వచ్చిన మరియా ఏడుగురిని కన్నది. ఓడ దిగిన ఊళ్లోనే ఏడో కాన్పులో పోయింది. ఇరవై ఆరేళ్లు. రాజుగారు దంపతులకే భూమి ఇస్తానన్నాడు కనుక ఇనాసియోకు తొందర. ఏడు వారాలు తిరక్కుండా లగూనాలో పదిహేనేళ్ల పిల్లను చేసుకున్నాడు. ఆ పిల్ల పేరూ మరియానే. ఆ రోజుల్లో మేరీమాత పేరు పెట్టని ఇల్లు లేదు. ఐదుగురిని కని, ఐదో బిడ్డతో పాటు వియమాన్‌లో మట్టిలో కలిసింది. ఇరవై రెండేళ్లు. మూడో మరియాను తకువారిలో పెళ్లాడేనాటికి ఆయనకు నలభై తొమ్మిది, ఆ పిల్లకు పదిహేడు. ఆమె ఏడుగురిని కని, ఆ ఏడో కాన్పులోనే ముప్పై ఒకటో ఏట పోయింది. ఆయన మాత్రం ఎనభై ఒకటి దాకా సుఖంగా బతికి, చర్చిలో పాటలు పాడించుకుని మట్టిలోకి పోయాడు. వియమాన్‌లో రెండో మరియా చావు పేజీ మీద వేలు పెట్టి చదివిన జులేకా పుస్తకం మూసేసింది. బయటికొచ్చి గోడ వారన వాంతి చేసుకుంది. వల్మీర్ నీళ్ల సీసా ఇచ్చి, "ఆ శాండ్‌విచ్‌లలో గుడ్డు పాడైనట్టుంది, పిల్లలకి పెట్టకు" అన్నాడు.

తకువారి చేరిన సాయంత్రం వల్మీర్‌కు అదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "సరే, ముగ్గురనుకో. చివరికి పంతొమ్మిది మందీ పుట్టారా లేదా" అన్నాడు.

"వల్మీర్, ముగ్గురు చచ్చిపోయారు."

"ఎప్పుడు? రెండొందల డెబ్భై ఏళ్ల కింద. అమ్మకి ఆ కథంటే ప్రాణం. మరియా పేరున పెట్టే కంచు పలక పోత కూడా పోసేశారు, దాని మీద ఒక్క పేరే పడుతుంది. ఇప్పుడు నువ్వు ముగ్గురంటే నా పుస్తకం తప్పని నలుగురూ నవ్వుతారు. ఎవరికి లాభం చెప్పు?"

జులేకా నోరు మూసుకుంది. అలా మూసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. భర్త మీద, ఆ ఎనభై ఒక్కేళ్ల ముసలాడి మీద పుట్టిన రోత కన్నా ఇదే ఎక్కువ బాధించింది.

ఇవాళ ఆ పలకను ఆవిష్కరిస్తారు. ఏటా ఈ కలయికలో పెద్ద తీపిరొట్టెల పళ్లెం మోసుకెళ్లేది ఆ ఏడు వంశంలో కడుపుతో ఉన్న అమ్మాయే. అది వాళ్ల ఆచారం. ఈ ఏడు పలక ముందుకు తాయిస్ మోయాలి. నాలుగో నెల. కిందటేడు ఒకటి పోయింది. బరువులు ముట్టుకోవద్దని, నిలబడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"లేమ్మా, పదినిమిషాలు. పళ్లెం ఎనిమిది కిలోలు కూడా ఉండదు" అంది దోనా ఒతీలియా.

తాయిస్ లేచింది. తల్లి పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, "పొద్దున కొంచెం రక్తం కనబడిందమ్మా. నానమ్మకి చెప్పకు" అంది.

"ఎందుకు చెప్పకూడదు?"

"నవ్వుతుందమ్మా. మరియా అన్నీ చేసిందట కదా. నా ఒళ్లే ఇలాంటిదేమో."

ఆ చివరి మాట జులేకాకు చెంపదెబ్బలా తగిలింది. తన నోట్లోంచి రాని మాటే అది, ఇన్నేళ్లూ లోపల తిప్పుకున్న మాట. దాన్ని కూతురికి పాలతో పట్టింది తనే. చేతిలో దుంప బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

"అత్తయ్యా, అది మోయదు" అంది.

"ఏం, మరియా మోయలేదా?"

"మీరు చెప్పే మరియా అసలు లేదు. ముగ్గురు మరియాలు. ఒకామె పోతే ఒకామెని తెచ్చుకున్నాడు మీ ఇనాసియో. ముగ్గురూ కాన్పుల్లోనే పోయారు. చావుల పుస్తకంలో చదివాను."

 దోనా ఒతీలియా నవ్వబోయి ఆగి, "ఫాదర్లు ఆ రోజుల్లో ఎలా పడితే అలా రాసేవాళ్లు" అంది. ఎవరూ తల ఊపలేదు. ఆవిడే మళ్లీ, "మరి పంతొమ్మిది మందినీ కని నిలిచిందెవరు?" అని అడిగింది.

"ఎవరూ నిలవలేదత్తయ్యా. నిలిచింది ఆయనొక్కడే."

జులేకా తాయిస్ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వల్మీర్ మైకు సరిచూసుకుంటున్నాడు. కారు తాళాలు అడిగితే, "ఇప్పుడా? పలక తెరిచే వేళ?" అన్నాడు.

"తాయిస్‌కి రక్తం కనబడింది. ఆసుపత్రికి."

ఆయన మైకు వదిలేసి జేబు తడుముకున్నాడు. తాళాలు తీసిచ్చాడు. ఇస్తూనే, అలవాటు ఎక్కడికి పోతుంది, "మరి అన్నం ఎవరు చూస్తారు?" అన్నాడు.

"పుస్తకం రాసినవాళ్లు" అంది జులేకా.

నది పక్క రోడ్డు మీద కారు మెల్లగా, గుంతలు తప్పిస్తూ నడిపింది. తాయిస్ సీటు వెనక్కి వాల్చి పడుకుంది. ఊరు దాటాక అడిగింది.

"అమ్మా, ఇది కూడా నిలవకపోతే?"

"నిలవకపోతే ఏడుద్దాం. ఇద్దరం."

"నీకు మూడు పోయాయి కదా. నీ తప్పు కాదు కదమ్మా?"

జులేకా కారు రోడ్డు వారకి తీసింది. ఎదురుగా వస్తున్న లారీని పోనిచ్చింది.

"కాదు" అంది. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఒక మనిషి నోట పైకి రావడం అదే మొదటిసారి. ఆ నోరు కూడా తనదే.