విమానానికి అద్దం తుడిచిన వరదయ్య

నీళ్ళలో ముంచి పిండిన పాత దినపత్రికతో వరదయ్య బస్సు ముందద్దాన్ని తుడుస్తున్నాడు. గుడ్డ వాడితే నూగు అంటుకుంటుందని ఆయన పట్టుదల. ముందు తడి కాగితం, తర్వాత పొడి కాగితం. చెయ్యి పైనుంచి కిందికే గాని అడ్డంగా పోదు. మనిషి పొట్టి. బంపరు మీద మునివేళ్ళతో నిలబడి, ఒక చేత్తో వైపరును ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో పని చేస్తాడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని ఆ వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. ఉదయగిరి బస్టాండులో అప్పుడే తెలవారుతోంది. ముందురోజు దీపావళి. నేలంతా టపాకాయల కాగితాలు.

నిజానికి ఈ బస్సు తుడవడం ఆయన పని కాదు. ఆయన ఉద్యోగం ఆత్మకూరు డిపోలో బస్సులు కడగడం. భార్య రాహేలమ్మ ఉదయగిరి మిషను బడిలో ఆయా కాబట్టి కాపురం ఇక్కడే ఉండిపోయింది. రాత్రికి ఉదయగిరిలో ఆగి తెల్లారి ఆత్మకూరు వెళ్ళే బస్సులో పోతాడు, చీకటి పడ్డాక అదే బస్సులో వస్తాడు. ఊరికే ఎక్కడం నామోషీ అనుకుంటాడేమో, ఎవరూ అడక్కపోయినా రోజూ దాని అద్దం తుడిచిపెడతాడు.

"ఏం వరదన్నా, ఇయాల మీ ఇమానం లేస్తాదా?" వేపపుల్ల నములుతూ వచ్చాడు డ్రైవరు గురుస్వామి.

"లేస్తాది. పేపర్లో ఏసినారు గదా."

"సూర్యుణ్ణి చూసేదానికి ఇమానమెందుకు? మిద్దెక్కితే చాలదా?"

వరదయ్య నవ్వి పొడి కాగితం అందుకున్నాడు. ఈ ఎగతాళి ఆయనకు కొత్త కాదు. డిపోలో ఆయన్ను వట్టి వరదయ్య అంటే ఎవరికీ తెలియదు. విమానం వరదయ్య అనాలి.

ఆ పేరు వెనక కథ ఇంతే. ఎనభయ్యో సంవత్సరంలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు వరదయ్య కూలిపనికని హైదరాబాదు పోయి ఉన్నాడు. మేస్త్రీ ఆయన్ను విమానాల షెడ్డు ఊడవడానికి పంపాడు. అక్కడ ఒక పాత సరుకుల విమానానికి పక్క కిటికీ ఒకటి పీకేసి, దాని స్థానంలో పలకంత మందం అద్దం బిగించారు. లోపల ఆ అద్దానికి ఎదురుగా పెద్ద దుర్భిణి. గడ్డం ఉన్న ఒకాయన వరదయ్యను పిలిచి, మెత్తటి కాగితాలూ సీసాలో ఏదో మందూ ఇచ్చి, నిచ్చెన ఎక్కించి బయటివైపు తుడవమన్నాడు. దుర్భిణిని విమానంలోకి ఎందుకెక్కించారని వరదయ్య అడిగితే ఆయన విసుక్కోలేదు. మన నెత్తిన ఉన్న గాలే ఒక మాసిన అద్దం, దుమ్మూ తేమా మబ్బూ అన్నీ దానికే అంటుకుని ఉంటాయి, దాన్ని తుడవలేం కాబట్టి దాటిపోయి చూస్తాం అన్నాడు. ఈ ఒక్క అద్దం మసకగా ఉంటే మా కష్టమంతా గంగలో కలుస్తుంది, నీదే భారం అని కూడా అన్నాడు.

నీదే భారం! అంతకు ముందూ ఆ తర్వాతా వరదయ్యతో ఆ మాట అన్నవాడు లేడు. ఆయన ఆ అద్దాన్ని ప్రాణం పెట్టి తుడిచాడు. తీరా విమానం షెడ్డు బయటికి కదులుతుండగా మేస్త్రీ వచ్చి, పని అయిపోయింది పొమ్మన్నాడు. అది ఎగరడం చూడలేదు, దిగడం చూడలేదు. ఊరికొచ్చి చెబితే జనం పొట్ట పట్టుకుని నవ్వారు. విమానానికి చత్వారం వచ్చిందా, అద్దాలు పెట్టినారా అన్నారు. చివరికి రాహేలమ్మ కూడా, "చెప్పేదానికన్నా ఒక అందం ఉండాలయ్యా" అంది. అక్కడే ఆయనకు ముల్లు దిగింది. పదిహేనేళ్ళు గడిచేసరికి, అంతా నేను కల్పించుకున్నదేనేమో అని ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది. ఆ అనుమానమే అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టేది.

అందుకే ఈ రోజు కోసం ఎదురుచూశాడు. ఉత్తరాదిన సంపూర్ణ గ్రహణమనీ, దుర్భిణులతో విమానాలు పైకి పోతాయనీ పేపర్లో వచ్చింది. సాయంత్రం టీవీ వార్తల్లో చూపించకుండా ఉంటారా? ఒక్కసారి కంటితో చూస్తే చాలు, నిజమో కాదో తేలిపోతుంది.

పొద్దున చద్దన్నం పెడుతూ రాహేలమ్మ గసిరింది కూడా. "రాత్రంతా రొమ్ము రుద్దుకుంటానే ఉండావు. ఆస్పత్రిలో చూపిచ్చుకోగూడదా?"

"గ్యాసే లేవే. ఇయాల వార్తలు చూసొస్తా, రేపు పోదాం."

"ఆ ఇమానం కత మల్లా ఎత్తబాక సామీ, నీకు దణ్ణం పెడతా."

బస్సు దాదాపు ఖాళీగా ఆత్మకూరు చేరింది. గ్రహణం పూట ప్రయాణమంటే ఎవరికి ధైర్యం? దారిలో వింజమూరులో ఎక్కేవాళ్ళు ఎవరూ లేక కండక్టరు తలుపు కూడా తియ్యలేదు. డిపోలో క్యాంటీను పొయ్యి వెలగలేదు. కాస్త పొద్దెక్కాక మనుషులంతా రెస్టు రూములో తలుపులేసుకుని కూర్చున్నారు. బయట ఉన్నది వరదయ్య ఒక్కడే. నీళ్ళ గొట్టం పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చక్రాల సందుల్లో మట్టి కొడుతున్నాడు. ఆకాశం నిండా మబ్బు. కొంతసేపు వెలుతురు పలచబడి సాయంత్రమైనట్టు అనిపించింది, మళ్ళీ మామూలైపోయింది. ఆత్మకూరుకు గ్రహణమంటే అంతే. వరదయ్య తల పైకెత్తి మబ్బును చూసి, పైకి పోయినోళ్ళకి కనపడుంటుందిలే అనుకుని మళ్ళీ గొట్టం తిప్పాడు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. సోడా ఒకటి తాగి, బస్సులు కడిగే చోట గట్టు మీద కాసేపు నడుం వాల్చాడు. చెమట పట్టింది. ఎండ లేకపోయినా చెమటేంది అనుకున్నాడు గాని, లేచి పనిలో పడ్డాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదని పని ఆపిన రోజు ఒక్కటీ గుర్తులేదు. అది గొప్పా కాదు, గొప్పని ఎవరూ అనలేదు కూడా.

వార్తల వేళకు క్యాంటీను నిండింది. గ్రహణం వీడింది, పొయ్యి వెలిగింది, బజ్జీల వాసన. గురుస్వామి టీవీ ముందు కుర్చీ మీద తన తువ్వాలు వేసి, "ఇది మా ఇమానం వరదన్నది, ఎవురూ కూసోబాకండి" అని కేకేస్తే అందరూ నవ్వారు. అదే సమయానికి మర్రిపాడు బస్సు ఒకటి ఒళ్ళంతా బురదతో వచ్చింది. వెంటనే మళ్ళీ నెల్లూరు పోవాలి. వరదయ్య క్యాంటీను వైపొకసారి, బస్సు వైపొకసారి చూశాడు. మనసు పీకుతోంది. అయినా గొట్టం అందుకున్నాడు. బురద ముఖంతో బస్సును రోడ్డెక్కించడం ఆయన చేతకాదు.

కడగడం ముగించి, తడి చేతులతోనే పరుగున వచ్చి గుమ్మంలో నిలబడేసరికి వార్తల్లో గ్రహణమే నడుస్తోంది. అందరి వీపులూ ఇటే ఉన్నాయి. ముందు నల్లటి సూర్యుడు, చుట్టూ తెల్లటి కాంతి. తర్వాత ఒక విమానం లోపలి భాగం. కిటికీ, కిటికీకి ఎదురుగా దుర్భిణి, దాని వెనక ఒంగి కూర్చున్న మనిషి. మబ్బులకు పైనుంచి తీశారని వార్తలు చదివే అమ్మాయి చెప్పింది. అంతే, మరుక్షణం ధాన్యం ధరలు.

గురుస్వామి నోట్లో బజ్జీ నోట్లోనే ఉంది. అందరూ వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో వరదయ్య.

"నిజమేనా వరదన్నా?" అన్నాడు గురుస్వామి, చిన్నపిల్లాడిలా.

వరదయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళ బరువు దిగిపోయినట్టయింది. గెలిచానని అరవొచ్చు, ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి అడగొచ్చు. ఆయన మాత్రం మోచేత్తో ముఖం తుడుచుకుని, "అద్దం బాగా తుడిచినారబ్బా" అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు.

రాత్రి బస్సు ఎక్కబోతూ బస్టాండు ముందు అంగట్లో జిలేబి కట్టించుకున్నాడు. రాహేలమ్మకు జిలేబి ఇష్టం. పండగైనా పబ్బమైనా అడగదు గాని, ఉంటే వద్దనదు. డ్రైవరు వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుని పొట్లం పక్కన పెట్టుకున్నాడు.

"గురుసామీ, దిగినాక మా ఇంటిదాకా రావాల. రాహేలుకి నువ్వే చెప్పాల. నేను చెప్తే నమ్మదు."

"వస్తా అన్నా. చెంపలేసుకుని మరీ చెప్తా వదినకి."

"చెంపలెందుకురా. చూసింది చెప్పు, చాలు."

కొంతదూరం పోయాక గురుస్వామి ఏదో అడిగాడు, జవాబు రాలేదు. పాపం, అలిసిపోయాడు, పడుకోనీ అనుకుని హారను కూడా అవసరమైతేనే కొట్టాడు. ఉదయగిరిలో జనం దిగిపోయారు. వరదయ్య తల కిటికీ కమ్మీకి ఆని ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. గురుస్వామి భుజం మీద చెయ్యి వేశాడు, తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు.

కండక్టరు పోయి రాహేలమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె బస్సెక్కి భర్త కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడుపు ఇంకా రాలేదు. చల్లబడిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ముడతల వేళ్ళు నిమురుతోంది. మాట ఇచ్చాడు కాబట్టి గురుస్వామి చెప్పాడు. "ఇమానం నిజమే వదినా. అందరం చూసినాం. కిటికీ, దుర్భిణి, అన్నీ అన్న చెప్పినట్టే ఉండాయి."

రాహేలమ్మ తల ఎత్తలేదు. "నువ్వు చెప్తే నమ్ముతుండా నాయనా. ఆయన అన్నేండ్లు చెప్పినాడే, అప్పుడు ఊ అనింటే నా సొమ్మేం పోయేది?" అంది. అప్పుడు ఏడ్చింది.

నలుగురూ కలిసి వరదయ్యను దించి ఇంటికి మోసుకుపోయారు. ఖాళీ బస్సులో ఆ సీటు మీద జిలేబి పొట్లం అలాగే ఉండిపోయింది, పాకం కాగితంలోంచి ఊరి మెల్లగా రెక్సిన్ మీదికి దిగుతోంది.